అరికాలి కబురు

ఆ సీసాను నేను పారెయ్యలేదు. పాలిథిన్ సంచిలో చుట్టి, తాడు కట్టి, పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీశాను. సీసా మీద పడగ విప్పిన పాము బొమ్మ ఉంది. లోపల ఏముందో ఎక్కడా రాసి లేదు. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది. పొద్దున పాలు పితకడానికి కూర్చున్నప్పుడల్లా దాని వంక చూసేవాణ్ణి.

నవంబరులో మా మిరప చేలో పూత నిండా నల్ల తామర పురుగు పడింది. పువ్వు దులిపితే అరచేతిలో నూగుల్లా రాలేది. కొట్టిన మందు కొట్టకుండా మార్చి మార్చి కొట్టాను. లొంగలేదు. అప్పుడు ప్రత్తిపాడు రోడ్డులో పురుగుమందుల కొట్టు పెట్టుకున్న శ్యామ్ సుందర్ ఈ సీసా చూపించాడు.

"ఇది బయో, చెంచురామయ్య బాబాయ్. ఆకులూ వేర్లూ పిండి తీసింది. పురుక్కే విషం. మనిషికి బెల్లం నీళ్ళు."

కౌంటరు మీదున్న సీసా మూత తీసి, చూపుడు వేలు ముంచి, నాలుక్కి రాసుకున్నాడు. నలుగురం నిలబడి చూశాం. లోపలి నుంచి పెట్టె తెప్పించి నాకు రెండు సీసాలు ఇచ్చాడు.

నా భార్య కోటిరత్నం మందు కలిపింది. మా వైపు డ్రమ్ములో మందు ఆడవాళ్ళే కలుపుతారు, అదీ చేత్తో. అడుగున గడ్డ కట్టిందో కరిగిందో చేతికి తెలిసినట్టు పుల్లకు తెలియదంటారు. వేరే మందయితే నేను పుల్ల విరిచి ఇచ్చేవాణ్ణి. ఆ రోజు ఇవ్వలేదు.

"నాకి చూపించాడన్నావుగా, ముంచితే ఏమవుద్ది?" అని మోచేయి దాకా పెట్టి కలిపింది. ఆరు డ్రమ్ములు.

మూడు గంటలకు గట్టు మీద కూర్చుండిపోయింది. నోట్లోంచి ఆగకుండా చొంగ. ఒళ్ళంతా చెమట. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. తొడ మీద, బుగ్గ మీద చర్మం కింద పురుగులు పాకినట్టు కండ అదురుతోంది. ఆమెను ఆటోలో వేసుకుని తిన్నగా ఆసుపత్రికి పోవాల్సినవాణ్ణి, మందుల కొట్టుకు పోయాను. మా దగ్గర ఎవరికి మందు ఎక్కినా ముందు అక్కడికే పోతాం. అమ్మినవాడికి విరుగుడు తెలుస్తుందని నమ్మకం.

శ్యామ్ సుందర్ ఆటోలోకి తొంగి చూశాడు.

"ఎండదెబ్బ, బాబాయ్. బయోకి ఇట్టా అవ్వదు. మజ్జిగ పట్టించు, సాయంత్రానికి లేచి తిరుగుద్ది."

మజ్జిగ పట్టించాను. కక్కింది. మళ్ళీ పట్టించాను. అట్లా రెండు గంటలు పోయాక, ఊపిరి గురగుర మంటుంటే గుంటూరు తీసుకుపోయాం. అక్కడ లక్ష్మీదుర్గ అనే డాక్టరమ్మ కళ్ళు చూసి, వాసన చూసి, ఇది ఏ జాతి మందో పోల్చుకుంది. సీసా అడిగింది. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి పాము బొమ్మను చూసింది. పేరు కోసం వెతికింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

పదకొండు రోజులకు కోటిరత్నం లేచి ఇంటికొచ్చింది. చేనుకు కూడా వచ్చింది. బతికిందనుకున్నాం. ఇంకో పది రోజులు గడిచాక ఒక పొద్దున, గుమ్మంలో చెప్పులు వేసుకుని వాకిట్లోకి దిగింది. ఎడమ కాలి చెప్పు గుమ్మంలోనే ఉండిపోయింది. ఆమె పంపు దాకా వెళ్ళి, నీళ్ళు పట్టుకుని, తిరిగొచ్చి ఆ చెప్పును చూసింది.

"ఇదెవరిది?" అంది.

మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరమ్మ సూది తీసి ఆమె బొటనవేలి మీద గుచ్చింది. కోటిరత్నం ఫ్యాను వంక చూస్తోంది. మడమ, చీలమండ, పిక్క కింద గుచ్చింది. పిక్క సగానికి వచ్చాక "అమ్మా" అంది. పాదం పైకెత్తమంటే ఎత్తలేకపోయింది. తడిగుడ్డలా వేలాడింది.

"పాదాలకే ఎందుకు?" అని అడిగాను. ఆ రోజు నేనడిగింది ఆ ఒక్కటే.

డాక్టరమ్మది కూడా మిరప పండించే ఇల్లేనట. స్కాను కవరు వెనక పెన్నుతో బొమ్మ గీసింది. నడుమ ఒక గడ్డ, దాని చుట్టూ వేళ్ళలా కొమ్మలు, ఒక పక్కన పొడుగాటి తోక.

"ఇది నాడీకణం. కొమ్మలు కబురు అందుకుంటాయి. తోక కబురు పంపుద్ది. మీ మోటారు వైరుకు తొడుగు ఉన్నట్టు ఈ తోకకూ కొవ్వు తొడుగు ఉంటది. ఆ తొడుగు చుట్టేవి వేరే కణాలు. అవి కబురు మొయ్యవు, మోసేవాటిని సాకుతాయి."

తోక చివర ఇంకో కణం గీసింది. రెండూ కలవలేదు. మధ్యన సందు వదిలింది.

"ఇవి ఒకదాన్నొకటి అంటుకోవు. తోక చివర నుంచి ఒక చుక్క రసం ఈ సందులో పడుద్ది. అవతలిది అందుకుంటది. పనవగానే ఆ చుక్కను తుడిచేసేది ఒకటి అక్కడే కాచుకుని ఉంటది. మీ మందు ఆ తుడిచేదాని చేతులు కట్టేసింది. చుక్క మీద చుక్క నిలిచిపోయింది. కండకు ఆగమనే మాట అందలేదు. ఆ రోజు మీరు చూసిన అదురు అదే."

"అది తగ్గిందిగా."

"తగ్గింది. ఇది రెండో దెబ్బ. మెదడూ, వెన్నుపామూ నడిమి భాగం. అక్కణ్ణుంచి ఒళ్ళంతా నరాలు. నరం అంటే ఒక్క తీగ కాదు, ఇట్టాంటి తోకలు వేలు కలిపిన కట్ట. కొన్ని కింది నుంచి కబురు తెస్తాయి, కొన్ని పై నుంచి పని చెబుతాయి. పాదానికి పోయే కణం గడ్డ వెన్ను దగ్గర ఉంటది, తోక బొటనవేలి దాకా ఉంటది. ఒకే ఒక్క కణం, ఇంత పొడుగు." తన నడుము నుంచి కాలి దాకా చేత్తో చూపించింది. "తోకకు తిండి గడ్డ నుంచే రావాలి. మీ చేలో డ్రిప్ ఉందా? ఒత్తిడి తగ్గితే ముందు ఎక్కడ ఎండుద్ది?"

"ఆఖరి మొక్క."

"అదే. పొడుగుదే ముందు చస్తది. అదీ చివరి నుంచి. మోటారు దగ్గర నిలబడ్డవాడికి తెలియను కూడా తెలియదు."

మళ్ళీ మొలుస్తుందా అని కోటిరత్నం అడిగింది. మొలిస్తే రోజుకు ఆవగింజలో సగమంత, అదీ నమ్మకం లేదని చెప్పింది డాక్టరమ్మ. ఆ కవరు నేను అడిగి తెచ్చుకున్నాను.

కోటిరత్నం మిరప కోతలో పదిమందికి ముందుండేది. ఇప్పుడు మంచం అంచున కూర్చుని పాదాలను చూసుకునేది. "ఇయ్యాల సగం ఆవగింజ పెరిగిందా?" అని నన్నే అడిగేది. ఒకసారి పొయ్యిలోంచి జారిన నిప్పు మీద కాలు పెట్టి నిలబడి కూర తిప్పింది. కాలిన వాసన నాకు వాకిట్లోకి వస్తే పరిగెత్తాను. ఆమె మూత తీసి "కూర మాడలేదే" అంది.

ఆ మర్నాడు నేను శ్యామ్ సుందర్ కొట్టు ఎదురుగా ఉన్న టీ బడ్డీలో కూర్చున్నాను. మూడు రోజులు వరసగా వెళ్ళాను. కొట్టు వెనక గోడ పక్కన అతని మంచినీళ్ళ డబ్బా ఉంటుంది. మూత బిగవదు. పదకొండింటికి కొట్టు ఖాళీ అవుతుంది, అప్పుడు వెనక్కి వచ్చి తాగుతాడు. నాలుగో రోజు సీసా చంకసంచిలో పెట్టుకుని కొట్టు వెనక వైపుకు వెళ్ళాను. డబ్బా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

అతను వచ్చి నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకుని, "బాబాయ్, పిన్నికి ఎట్టా ఉంది?" అని నవ్వు మొహంతో అడిగాడు. సమాధానం కోసం ఆగకుండా లోపలికి పోయాడు.

మందు ఎక్కి పడిపోయినవాడికి తనకేమైందో తెలియదు. కోటిరత్నానికి ఆ పదకొండు రోజులూ గుర్తు లేవు. అతనికీ గుర్తుండదు. నాకు అతను చావటం చాలదు. అతనికి తెలియాలి. సీసాతో ఇంటికి వచ్చేశాను.

ఆ మూడు రోజుల్లో ఇంకోటి చూశాను. కొట్టులో కొనేవాళ్ళు తక్కువ. పొద్దున్నే ఏడు ఫోన్లు వస్తాయి, ఏడు ఊళ్ళకు ఆటోలో పెట్టెలు పోతాయి. ప్రతి ఊళ్ళో ఒక పెద్ద రైతు ఉంటాడు. అతని చేనుకు మందు ఉచితంగా ఇస్తారు, గట్టు మీద బోర్డు పాతుతారు. మా దగ్గర ఎవడూ కాగితం చదివి మందు కొట్టడు. పక్క చేను చూసి కొడతాడు. ఆ ఒక్క చేను పచ్చగా ఉంటే ఊరంతా అదే మందు. స్కాను కవరు తీసి, డాక్టరమ్మ గీసిన బొమ్మ పక్కన నేనూ ఒక గడ్డ గీశాను. దానికి ఏడు తోకలు గీశాను. అన్నిటికన్నా పొడుగుది ప్రకాశం జిల్లాలోకి పోయింది. అక్కడి రైతు వీరబాబని ఆటోవాడు చెప్పాడు.

జనవరిలో కోటిరత్నాన్ని మోపెడ్ మీద ఎక్కించుకుని అక్కడికి వెళ్ళాను. చుట్టాన్ని చూసొద్దామని చెప్పాను.

వీరబాబు చేలో మందు కొడుతున్నారు. డ్రమ్ము దగ్గర మాబూబీ అనే కూలి మనిషి మోచేయి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. డ్రమ్ము పక్కన పాము బొమ్మ సీసాలున్నాయి. నేను బండి ఆపి, గట్టున కోటిరత్నాన్ని ముందు నడవనిచ్చాను. పది అడుగులు వేసేసరికి ఎడమ చెప్పు ఊడింది. ఆమె నడుస్తూనే ఉంది. గట్టు మీద తుమ్మ కంప పడి ఉంది. నేను కంపను చూశాను. నోరు తెరవలేదు.

మాబూబీ చూసింది.

"అక్కా, ఆగు. కాలు."

"ఏంటి?"

"ముల్లక్కా. ఇంత ముల్లు. నెత్తురు కారతంది."

కోటిరత్నం కాలు తిప్పి చూసుకుంది. ముల్లు మడమలోకి పూర్తిగా దిగింది. "ఓహో," అంది, పక్కవాళ్ళ కాలు చూసినట్టు. ఆ మాటకు మాబూబీ మొహం మారిపోయింది. ముల్లు పీకి, "నొప్పి లేదా?" అని అడిగింది.

"నీ లాగే కలిపానమ్మా. ఆ పామునే."

మాబూబీ డ్రమ్ములోంచి తీసిన తన చేతిని చూసుకుంది. పంపు దగ్గరికి పరిగెత్తి, అరగంట సేపు కడుక్కుంది. వీరబాబు గట్టు మీదికి వచ్చాడు. తెల్ల చొక్కా, పెద్ద మనిషి.

"ఏంది సంగతి? శ్యామ్ సుందర్ నాకి చూపించాడుగా."

"మాకూ చూపించాడు," అన్నాను.

అతను షెడ్డులోకి వెళ్ళి ఒక సీసా తెచ్చాడు. దాని మూతకు ఎర్ర దారం కట్టి ఉంది.

"నాలుక్కి రాసుకునే సీసా వేరు. ఊళ్ళో చూపించమని నాకొకటి ఇచ్చాడు. పొరపాటు పడకుండా దారం కట్టాడు. ఇందులో నిజంగా బెల్లం నీళ్ళే. కొత్తగా వచ్చినవాళ్ళకు ధైర్యం రావడానికి అన్నాడు. తతిమ్మాది మందేగా, బయోనేగా అనుకున్నా."

మాబూబీ పంపు దగ్గర నుంచే అరిచింది. "నువ్వు నాకినప్పుడు మేం చప్పట్లు కొట్టాం గదయ్యా వీరబాబూ."

ఆ సాయంత్రం అతని గట్టు మీది బోర్డు మాబూబీయే పీకేసింది. దారం కట్టిన సీసా నేను తెచ్చుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆరు మైళ్ళు దాటాం. కాలవ వంతెన మీద కోటిరత్నం బండి ఆపమంది.

"కంప చూశావా?"

"చూశా."

"చెప్పలా."

"చెప్పలేదు."

"నన్ను గంగిరెద్దును చేసి ఆడించావు. తల మీద గుడ్డ కూడా కప్పలేకపోయావా?"

నేను రోడ్డు చూస్తున్నాను. ఆమె నా వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. చేతుల్లో బలం ఇంకా ఉంది. తర్వాత అడిగింది.

"ఇంకా ఎన్ని ఊళ్ళు?"

"ఆరు."

"నీకు మాట్లాడటం రాదు. నేను మాట్లాడతా. ముల్లెందుకు, సూది చాలు. ఎక్కడ గుచ్చాలో నేను చెబుతా. వాడి సంగతి నాక్కూడా కావాలి."

ఆ తర్వాత చుట్టాల మాట చెప్పి ఎక్కడికీ పోలేదు. కోటిరత్నం మొగాళ్ళ దగ్గరికి పోలేదు కూడా. ఏ ఊరెళ్ళినా డ్రమ్ము దగ్గరున్న ఆడవాళ్ళను వెతుక్కుని, వాళ్ళ మధ్య చతికిలబడి, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి బొటనవేల్లో దింపేది. దింపి, వాళ్ళ పిల్లల సంగతులు అడిగేది. సూది అట్లా నిలబడి ఉండగానే దారం కట్టిన సీసా చూపించి, దాన్ని తాగేది. పక్కన పాము సీసా పెట్టి, "ఇది ఎవరన్నా తాగుతారా?" అనేది. మర్నాటి నుంచి ఆ ఊళ్ళో చేత్తో కలిపే మనిషి దొరికేది కాదు.

అన్నిటికన్నా దూరపు ఊరు ముందు, దగ్గరి ఊరు ఆఖరున. ఆ వరస నేను తప్పలేదు. దగ్గర మొదలుపెడితే శ్యామ్ సుందర్ వెంటనే విని, సర్దుకుని ఉండేవాడు. దూరం నుంచి మొదలైంది కాబట్టి వినలేదు. అతనికి కబురు తెచ్చేవాళ్ళూ ఆ ఊళ్ళలో సరుకు నడిపేవాళ్ళూ ఒకరే. వాళ్ళు సంగతి చెప్పుకోలేక పెట్టెలు దించుకుని షెడ్డులో పడేసి ఊరుకున్నారు. ఫిబ్రవరిలో నేను టీ బడ్డీలో కూర్చుని చూస్తే, ఏడు తోకల్లో ఐదు చచ్చినా అతను కొత్త సరుకు దింపుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆ టీ నాకు చాలా బాగుంది.

మార్చి చివర మా కల్లంలో కాయ ఎండుతోంది. పట్టాల మీద ఎర్రగా పరిచాం. కోటిరత్నం స్టూలు మీద కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతోంది. ఆమె చుట్టూ మాబూబీ, మాబూబీ తెచ్చిన ముగ్గురు కూలీలు. మిట్టమధ్యాహ్నం శ్యామ్ సుందర్ వచ్చాడు. మా డొంకలోకి కారు రాదు. తారు రోడ్డున వదిలి మైలు దూరం నడిచాడు. కల్లం అంచున చెప్పులు విడిచాడు. కల్లంలోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు, అతనూ పెట్టలేదు.

"బాబాయ్, నేనేం చేశానని ఇట్టా చంపుతున్నావు?"

నేను కాయ తిరగేస్తున్నాను.

"ఏడు ఊళ్ళ నుంచీ పెట్టెలు ఒక్క వారంలో తిరిగొచ్చాయి. ఫోన్ ఎత్తేవాడు లేడు. కొట్టు తాళం వేశా."

"ముందు తెలియలేదా?" అన్నాను.

"ఎట్టా తెలుసుద్ది? చెప్పేవాడుంటేగా."

ఆ మాట కోసం నేను ఏడు తోకలు గీసిన రోజు నుంచి కాచుకుని ఉన్నాను.

కోటిరత్నం నా వంక చూసి, కావలి గుడిసె వైపు గడ్డం ఎత్తింది. దూలం మీది సీసాను అప్పటికే అక్కడికి తెచ్చిపెట్టాను. తెచ్చి ఆమె చేతికిచ్చాను. సంచి విప్పి, మూత తీసి, అతని ముందు పెట్టింది.

"కూర్చో, అబ్బాయ్. ఒక్క చుక్క నాలుక్కి రాసుకో. మేం ఐదుగురం చూస్తాం. నువ్వు రాసుకుంటే రేపు ఏడు ఊళ్ళూ నేనే తిరిగి, తప్పయిందని చెబుతా."

అతను కూర్చుని సీసా వంక చూశాడు.

"దీనికి దారం లేదనా? కావాలంటే కడతా. మాబూబీ, ఎర్ర దారం ఉందా?"

"నా కొంగు చింపనా అక్కా," అంది మాబూబీ. కూలీలు నవ్వారు.

"పిన్నీ, నేను కలిపింది కాదది. నాకు పై నుంచి వచ్చింది. నేను అమ్మానంతే."

"పైవాడి పేరు చెప్పు."

"చెబితే నన్ను బతకనివ్వరు."

"చెప్పకపోతే మేం బతకనిస్తామనుకున్నావా?"

అతను చెప్పలేదు. లేచాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కల్లం అంచుకు వెళ్ళి అటూ ఇటూ వెతికాడు.

"చెప్పులు ఇక్కడే విడిచా."

"నన్నడిగితే ఏం లాభం?" అంది కోటిరత్నం. "నాకు కాళ్ళల్లో స్పర్శ లేదబ్బాయ్. అటొచ్చినప్పుడు తన్నుకుపోయానేమో."

ఆమె స్టూలు కింద కాయ కుప్పలోంచి తోలుపట్టీ కొస కనిపిస్తోంది. అతనికీ కనిపించింది. అడగటానికి నోరు తెరిచి, మా ఆరుగురి మొహాలూ చూసి, మూసుకున్నాడు. ఉత్త కాళ్ళతో డొంకలోకి దిగాడు.

మార్చి ఎండకు నల్లరేగడి పెంకులా కాలుతుంది. మొదటి అడుక్కే ఎగిరాడు. పక్కకు తప్పుకుంటే పల్లేరు కాయలు. మళ్ళీ నడిమికి వచ్చాడు. ఒక్కో అడుగూ అరికాలి నుంచి వెన్నుదాకా, వెన్ను నుంచి తలదాకా పోవటం, అక్కణ్ణుంచి తిరిగొచ్చి అతని మోకాలిని పైకి లాగటం నేను ఇక్కణ్ణుంచే చూశాను. ఒక్క కబురూ దారిలో ఆగలేదు.

"ఎందాకా పోయాడు?" అని అడిగింది కోటిరత్నం. కాయ ఏరటం ఆపలేదు.

"కరెంటు స్తంభం దాకా."

"ఎగురుతున్నాడా?"

"ఎగురుతున్నాడు."

"ఇంకా ముప్పాతిక మైలుంది," అంది మాబూబీ.

కోటిరత్నం కుప్పలోంచి ఆ చెప్పుల జత తీసి, మిరపగింజలు దులిపింది. వంగి, వేలాడే పాదాలను రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్కటీ అందులో దూర్చింది.

"సరిపోయాయా?" అంది నాతో. "నువ్వే చూసి చెప్పు."